చెవులాయన చూసిన కన్ను

ఆ రోజు చేయాల్సిన పనులు ఇవి. స్టూడియోలో కుర్చీ వెనక వేలాడే తెల్ల తెర ఉతికి ఆరేయాలి. కుర్చీ కాలు ఊగుతోంది, మేకు కొట్టాలి. ఇంట్లో కుళాయి రాత్రంతా చుక్కలు రాలుస్తోంది, వాషరు మార్చాలి. ఇంటావిడ కుట్టుమిషనుకు నూనె తేవాలి. ఎడమ భుజం లాగుతోంది, డాక్టరుకి చూపించుకోవాలి. ఆ లెన్సులోంచి ఏం కనపడుతుందో చూడాలి.

పైవన్నీ ఎవరో ఒకరు అతనికి అప్పజెప్పినవి. చివరిది మాత్రం తనకు తానే అప్పజెప్పుకున్నది. అందుకే తెర పిండుతున్నాడన్న మాటే గానీ, మనసంతా లోపల బల్లమీద మెత్తటి గుడ్డలో చుట్టిపెట్టిన ఆ గాజుముక్క మీదే ఉంది.

వీధిలో అతణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చెవులాయన అంటారు. కార్డులకీ పాస్‌పోర్టులకీ ఫోటోలు తీయడం అతని పని. మనిషి కుర్చీలో కూర్చోగానే, "జుట్టు వెనక్కి తోసుకోండమ్మా, చెవులు కనపడాలి. గడ్డం కాస్త దించండి. నవ్వకండి. కళ్ళు మూయకండి" అని ఒకే ఊపున చెప్పేస్తాడు. బజార్లో ఎవరైనా ఎదురుపడితే మొహం చూసి పోల్చుకోలేడు. వాళ్ళు పక్కకి తిరిగాక మాత్రం, చెవి చూసి, "కార్డు వచ్చిందా అండీ?" అని వెనకనించి పలకరిస్తాడు.

పెద్దాయన, అంటే స్టూడియో పాత యజమాని, బతికున్న రోజుల్లో లోపలి గదిలో వేరే రకం ఫోటోలు తీసేవాడు. మనిషి కళ్ళు నీళ్ళతో కడిగినంత స్పష్టంగా ఉండేవి. చెవుల దగ్గరికి వచ్చేసరికి అంతా మంచులో కలిసిపోయినట్టుండేది. అవన్నీ ఈ లెన్సుతో తీసినవే. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. "నీది చెవుల పనిరా, నాది కళ్ళ పని" అని నవ్వేవాడు. అతనూ నవ్వేవాడు. నొచ్చుకోలేదు. కానీ ఆ గాజులోంచి ఆయనకి ఏం కనపడేదన్న సందేహం, పళ్ళ సందున ఇరుక్కున్న పీచులాగా, అప్పటినించీ వదల్లేదు.

ఇప్పుడు స్టూడియో పెద్దాయన కొడుకుది. కొత్తగా మిర్రర్‌లెస్ అనే డిజిటల్ కెమెరా కొన్నాడు. పాత లెన్సుని దానికి తగిలించే రింగు కూడా దొరుకుతుందని ఎవరో చెబితే అదీ తెప్పించాడు. రెండు రోజులు తిప్పి చూసి విసుగెత్తి పక్కన పడేశాడు.

"దీనికి ఫోకస్ మనమే చేసుకోవాలి బాబాయ్. ఎవరికుంది అంత ఓపిక? రేపు పొద్దున కొనేవాళ్ళొస్తున్నారు, ఇచ్చేస్తున్నా."

"ఇవాళ్టికి నాకివ్వు. కెమెరాతో సహా."

"నీకెందుకు?"

"మీ పిన్ని ఫోటో ఒకటి తీయాలి."

కుర్రాడు నవ్వాడు గానీ కాదనలేదు.

నిజానికి అది నవ్వులాట కాదు. అతని ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటే ఉంది, కార్డు కోసం అతనే తీసింది. చెవులు రెండూ చక్కగా వచ్చాయి. "దొంగతనం ఒప్పుకున్నదానిలా ఉన్నాను" అంటుంది ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా. ఊరందరికీ ఫోటోలు తీసినవాడు కట్టుకున్నదానికి ఒక్కటి సరిగ్గా తీయలేకపోయాడు. ఆ లెన్సు చేతిలో ఉండేది ఇవాళొక్కరోజే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చోకుండానే కెమెరా తీశాడు. లెన్సు బిగించి మీట నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కెమెరా తెరమీద లెన్సు లేదని వచ్చింది.

"ఇంత లావు లెన్సు ఎదురుగా పెట్టుకుని లేదంటుందేమిటి, కళ్ళు పోయాయా దీనికి?"

కూతురు పక్కగదిలోంచి వచ్చింది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే.

"పాతది కదా నాన్నా, దానికీ కెమెరాకీ మాటల్లేవు. లెన్సు లేకపోయినా పని చెయ్యమని చెప్పాలి, అంతే." లోపల ఎక్కడో ఏదో మార్చింది. "ఇంకోటి. ఫోకస్ కుదిరిన చోట ఎర్రగీతలు మెరుస్తాయి. అవి చూసుకుని నొక్కేయడమే."

"ఇంత సులువా!"

"అన్నం తిని తీయి."

"వస్తున్నా."

రాలేదు. కిటికీ పక్కన మిషను ముందు ఆవిడ కూర్చుని ఉంది. పక్కింటివాళ్ళ దిండు గలీబులు కుడుతోంది. లెన్సులో వెలుతురు దూరే కంతని, అదే అపెర్చర్‌ని, మొత్తం తెరిచేశాడు. ఫ్లాష్ లేదు, లైటు లేదు, కిటికీ వెలుతురు తప్ప ఏమీ లేదు. అయినా గది గదంతా కెమెరాలోకి ఒలికిపోయినట్టు వచ్చింది. లెన్సు మీది ఫోకస్ రింగు తిప్పుతుంటే ఎర్రగీతలు చీమల బారులాగా కదిలాయి. ముందు మిషను చక్రం మీద పాకాయి, అక్కడినించి ఆవిడ వేళ్ళ మీదికి, ఇంకా లోపలికి పోయి గోడ పగులు మీదికి. ఇంతకాలం అతనికి గది అంటే ఒక్కటే. ఇప్పుడు చూస్తే గది లోపల పొరలు పొరలుగా ఎన్నో గదులున్నాయి. ఒకటి తెరిస్తే మిగతావి మూసుకుంటున్నాయి.

ఆవిడ సూదికి దారం ఎక్కించబోతోంది. ఎర్రగీతలు భగ్గుమన్నాయి. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. సంబరంగా తీసుకెళ్ళి చూపించాడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. సూది కొట్టొచ్చినట్టు కనపడుతోంది. దాని వెనక పొగలాగా ఎవరో ఉన్నారు.

"ఇన్నేళ్ళ కాపురంలో మీకు కనపడింది సూదన్నమాట."

"మెరిసేది కదే, గీతలు దానిమీదికే పోతున్నాయి."

"నేను మెరవడం లేదంటారు. సరే."

కూతురు పక్కగదిలో కిసుక్కున నవ్వింది. ఉడుక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కళ్ళజోడు ఫ్రేము దొరికింది. ఆ తర్వాత ముక్కు. ఆ తర్వాత జారిన జుట్టు పోగు ఒకటి. కన్ను మాత్రం దొరకలేదు. సరిగ్గా వచ్చిందనుకునేలోపు ఆవిడ ఊపిరి తీసుకునేది, అంతే, చేజారిపోయేది. గోరు మందమంత చోటు అది. అందులో కన్ను నిలవాలి. తల ప్రాణం తోకకొచ్చింది. భుజం లాగుతోంది. కెమెరా దించి నేలమీద కూలబడ్డాడు.

"దొరకదేమో," అన్నాడు.

"కుళాయి దొరుకుతుంది, చూడండి," అంది ఆవిడ. దారం జారిపోవడంతో మళ్ళీ సూది ఎత్తింది.

అప్పుడు చూశాడు. ఆవిడ మోచేతులు రెండూ పక్కలకి ఆనించింది. సూదీ దారమూ ఉన్నచోటే ఉన్నాయి. కదిలింది తల. కాస్త వెనక్కి, కాస్త ముందుకి, మళ్ళీ ఇసుమంత వెనక్కి. బెజ్జం ఎక్కడ స్పష్టంగా కనపడిందో అక్కడ ఊపిరి బిగబట్టి ఆగింది. దారం దూరింది. ఎన్ని వేలసార్లు తన ముందే ఇలా చేసి ఉంటుందో.

లేచాడు. రింగుని ఒకచోట పెట్టి చేయి తీసేశాడు. ఎర్రగీతలు ఆపేశాడు. కూతుర్ని అడిగి తెరమీద బొమ్మని పెద్దది చేసుకున్నాడు. కన్ను ఒక్కటే తెరనిండా పరుచుకుంది. మోచేతులు పక్కలకి ఆనించి, మనిషే మెల్లగా ముందుకి ఒరిగాడు. పొగ విడిపోతోంది. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. కిటికీ చువ్వలు నల్లగుడ్డులో చిన్నగా తేలాయి. ఆ పక్కనే ఒక చుక్క. తేనెరంగులో, ఆవగింజలో సగం.

నొక్కాడు. నొక్కాక కూడా అలాగే నిలబడిపోయాడు.

"నీ కంట్లో చుక్కుందే."

"ఊఁ."

"ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించి."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెవులు చూసే మనిషి కదా," అని ఆవిడ నవ్వేసింది. దగ్గరికి వెళ్ళి ఫోటో చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. చీర కొంగుతో తెర తుడిచి మళ్ళీ చూసింది.

"బాగానే ఉన్నానే," అంది, ఎవరి గురించో చెబుతున్నట్టు.

చల్లారిన అన్నం ఇష్టంగా తిన్నాడు. పెద్దాయనకి ఏం కనపడేదో తెలిసిపోయిందని కూతురితో చెప్పాడు. ఏమిటది అని ఆ పిల్ల అడిగితే, "దగ్గరికి జరగాలి, అంతే," అన్నాడు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలాడు.

"మిషను నూనె మర్చిపోయానే. సాయంత్రం తెస్తా. కాసేపు కళ్ళు మూసుకుంటా."

"మూసుకోండి. ఎవరూ ఏమీ అనరు."

గలీబులన్నీ అయ్యేదాకా ఆవిడ కుట్టింది. టీ కలిపి తెచ్చి పక్కన పెట్టి, ఏవండీ అని పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. అతను ఇక కళ్ళు తెరవలేదు. టీ మీద మీగడ కట్టింది.

మర్నాడు పొద్దున లెన్సు కొనేవాళ్ళు స్టూడియోకి వచ్చారు. కుర్రాడు వాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు. ఇంటికొచ్చి కెమెరా తీసుకెళ్ళాడు గానీ లెన్సు విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. "బాబాయ్‌ది. ఉండనీ పిన్నీ," అన్నాడు, తల ఎత్తకుండా. కుళాయికి వాషరు కూతురు మార్చింది. తెల్ల తెర స్టూడియో దండెం మీదే ఆరి, గాలికి ఊగుతూ ఉండిపోయింది.

ఎప్పుడైనా మీరు కార్డు ఫోటోకి కూర్చున్నప్పుడు, చెవులు కనపడాలి అని ఎవరైనా అంటే, ఒక్క క్షణం ఆయన్ని తలుచుకోండి. మీ పక్కన కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి ఒకసారి దగ్గరగా చూడండి. ఆయన పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆ పని చేస్తే చాలు.

లెన్సు ఇప్పుడు కుట్టుమిషను పక్కన, దారపు ఉండల మధ్య ఉంది. ఆవిడ రోజూ దాని దుమ్ము తుడుస్తుంది గానీ రింగు తిప్పదు, ఎవర్నీ తిప్పనివ్వదు. దానిమీది తెల్లగీత, దూరాలు చూపే అంకెల్లో, ఒక మీటరుకి కాస్త ఇవతల ఆగి ఉంది, ఆయన ముందుకి ఒరిగి నిలబడ్డ చోటికీ ఆవిడ కంటికీ మధ్య ఉన్నంత దూరంలో.