గంగమ్మకు పోసిన చుక్క

ఉప్పుగాలి. పసుపు వాసన. డీజిలు వాసన.

చేపల వేట నిషేధం ముగిసిన పొద్దు. ఫిషింగ్ హార్బరు జెట్టీ మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఇన్నాళ్లూ నీరసంగా ఊగిన బోట్లు ఇవాళ తాళ్లు తెంచుకునేలా ఉన్నాయి.

సూర్యకళ మాత్రం మొగుడి పాదాలనే చూస్తోంది.

వాపు లేదు.

ఎండాకాలం మొదట్లో ఆ పాదాలు నొక్కితే గుంట పడేది. తాతబాబు పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి ఆనుకుని కూచునే తెల్లవార్చేవాడు. ద్వారకా నగర్‌లో డాక్టరు మొహం మీదే చెప్పేశాడు — తాగి తాగి గుండె సాగిపోయింది, కండలో బలం లేదు. మానేస్తే కోలుకోవచ్చు. మళ్లీ మొదలెడితే...



తాతబాబు మానేశాడు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ, అందరి మీదా విసుక్కుంటూ, పెళ్లాం పెట్టిన చప్పిడి కూడు తిట్టుకుంటూనే తిన్నాడు. ఊపిరి తిరిగొచ్చింది. వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. ఆ గురక విని ఆమె ఎంత సంబరపడిందో!

ఇవాళ ఒక్కటీ గడవాలి.

బోటు మూతికి పసుపు రాశారు. కోడిని కోశారు. గంగమ్మ తల్లికి బ్రాందీ ధార పోశారు. గ్లాసు అడుగున మిగిలింది బోటు నడిపేవాడు తాగాలి. అతని ఇంటి ఆడది చేత్తో అందించాలి. తాతల నాటి ఆచారం.

గ్లాసు ఆమె చేతిలో ఉంది.

"ఇయ్యి వదినా, ఏటలా సూత్తన్నావ్? పొద్దెక్కిపోతంది," మరిది నాగబాబు తొందరపెట్టాడు.

"డాట్రు సుక్క కూడా వద్దన్నాడు కదరా."

"ఇది మందేటి? తల్లి పెసాదం! అన్న ముట్టకపోతే ఈ బోటు ఎవుడెక్కుతాడు?"

తాతబాబు గ్లాసు మీంచి చూపు తిప్పలేదు.

ఆమెకు భయమేసింది. డాక్టరు మాటంటే భయం. గంగమ్మ తల్లంటే అంతకన్నా భయం — తన తండ్రిని తుఫానులో మింగింది ఈ సముద్రమే. ఆ ఏడు తల్లికి ఏదో లోపం చేశారని పేటంతా చెప్పుకుంది.

ఒక్క గుక్కే కదా... ప్రసాదమే కదా...

అందించింది.

అతను కళ్లు మూసుకుని తాగాడు. మూతి తుడుచుకోలేదు. ఖాళీ గ్లాసు మళ్లీ చాపాడు.

"ఇంకొంచెం పెసాదమెయ్యే."

నాగబాబు పకపకా నవ్వి తనే పోశాడు. మిగిలిన సీసా చంకలో పెట్టుకుని తాతబాబు బోటెక్కాడు. ఆమె వైపు చూడనేలేదు.

ఇంజన్లు ఒక్కసారిగా మోగాయి. బోట్లు కదిలాయి. అప్పుడు — అప్పుడు మాత్రం — అతను వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. మెల్లగా రొమ్ము మీద వాలింది.

తల్లికి మొక్కుతున్నాడా?

లేక...

"మావా!" ఆమె కేకేసింది. అంత మోతలో ఆ కేక ఆమెకే వినపడలేదు. బోటు కొండ మలుపు తిరిగి కనుమరుగైంది.

ఉప్పుగాలి.

ఆమె వేళ్ల నిండా బ్రాందీ వాసన.