వాన పలక

నేను ఒక వాన పలకను. గుడి ముందు చేతులు జోడించి నిలబడ్డ మనిషిని తడిపితే ఆ పాపం కురిసినదానిదా, కురిపించినవాడిదా? ఈ సందేహం ఏళ్ళ తరబడి నన్ను వదల్లేదు.

టోక్యోలో చెక్క అచ్చుతో బొమ్మలు వేసే రోజుల్లో ఒక్కో రంగుకు ఒక్కో చెర్రీ చెక్క పలక ఉండేది. బొమ్మ ఆకారమంతా చెక్కిన గీతల పలక అన్నిటికంటే ముందు పుట్టేది కనుక నాకది పెద్దక్క. పెద్దక్క మీద ఒక గుడి, వెనుక వంతెన, పెంకుటిళ్ళు. మెట్ల మీద చిత్రకారుడు చుక్కలా వదిలేసిన మనిషిని, చెక్కే తొకుజిరో తన తల్లి ఒకినుగా మలిచాడు. వంగిన నడుము, వీపున మూట, జోడించిన చేతులు.

ఎండలో ఉన్న ఆ గుడి బొమ్మ అమ్ముడుపోలేదు.

"వాన కురిపించు తొకుజిరో. తడిసిన ఊరంటే జనం పడి చస్తారు" అన్నాడు కొట్టు యజమాని కుసాకా.

"మెట్ల మీద మా అమ్మకు గొడుగు లేదయ్యా. పలకలో అక్కడ కాస్త తొలిచి కొత్త చెక్క ముక్క అతికిస్తే గొడుగు చెక్కేస్తాను."

"కాగితం మీది అమ్మకు జలుబు చేస్తుందా ఏం? పలక చెడగొట్టకు."

పోనీ, ఆమె ఉన్నచోట వాన గీతలు లేకుండా చేస్తానంటే, "వానకు చిల్లు పడిందని నవ్వుతారు" అన్నాడు. పలకలన్నీ యజమానివే. తొకుజిరోది చెయ్యి మాత్రమే.

అలా పుట్టాను. ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి వాలు గీతలు. నా మీద కాగితం పరిచి వెదురుపట్ట చుట్టిన బిళ్ళతో రుద్దితే వంతెన మీద, ఇళ్ళ మీద, ఒకిను నెత్తి మీద వాన పడేది. గుడిలోని దేవత మాత్రం కప్పు కింద పొడిగానే ఉండేది. జనం ఎగబడి కొన్నారు. "ఎంత భక్తో చూడండి, తడుస్తూనే మొక్కుతోంది!" అని కళ్ళు ఒత్తుకున్నారు. గొడుగు దండగని మానేసిన చోట వాళ్ళకు భక్తి కనిపించింది.

ఒకిను ఆ బొమ్మ చూసి పకపకా నవ్వింది. "ఊరందరికీ పెంకులు కప్పి కన్నతల్లిని తడుపుతావురా? గొడుగు బాకీ పడ్డావు, గుర్తుంచుకో."

"ఇస్తాలేవే అమ్మా, పలక నా చేతికి రానీ."

ఆ చలికాలంలోనే ఆమె పోయింది. గొడుగు చెక్కనివ్వమని తొకుజిరో ఏటా వచ్చి అడిగేవాడు. "అమ్ముడయ్యే బొమ్మ జోలికి పోకు" అనేవాడు కుసాకా. నేను పోయిన మనిషి మీద కురుస్తూనే ఉన్నాను.

తర్వాత జనం ఫొటోలకు మరిగారు. కొట్టు మూతపడింది, పలకలన్నీ ఊరి స్నానశాలలో నీళ్ళు కాచే పొయ్యికి చేరాయి. ముసలివాడైన తొకుజిరో పరుగున వచ్చేసరికి పెద్దక్క కాలిపోయింది. గుడీ పోయింది, ఒకినూ పోయింది.

"దీని మీద బొమ్మేం లేదు తాతా, వట్టి గీతలే" అన్నాడు పొయ్యి ఎగదోసే మనిషి.

"అవే కావాలి నాయనా."

ఇంటికి తీసుకెళ్ళి, తల్లి ఎక్కడ నిలబడేదో వేలితో తడుముకుని ఉలి పట్టాడు. అక్కడ గొడుగంత మేర, దాని కింద మెట్టు దాకా, నా గీతలన్నీ చెక్కేశాడు. సిరా పూసి తెల్ల కాగితం మీద ఒకే ఒక్క అచ్చు తీశాడు. గుడి లేదు, వంతెన లేదు, మనిషి లేదు. కాగితమంతా వాన, ఒక్కచోట మాత్రం గొడుగు కింద పొడి నేల.

దాన్ని పూజాపీఠంలో తల్లి పేరు రాసిన చెక్క ముందు ఆనించి, తల వంచాడు.

"ఇదుగోనే అమ్మా, పట్టుకో."