గుడ్డకు అంటని రంగు

గోరువెచ్చని నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి బాబు పాదాలు తుడుస్తున్నాను. అక్కకు పురుడైన దగ్గర్నుంచి ఇది నా పని. అక్క అత్తవారింట్లో నూలుకు నీలిరంగు వేస్తారు. బావ చేతులు మోచేతుల దాకా నీలమే. తలుపు గొళ్ళెం మీద, నీళ్ళ చెంబు మీద, ఆఖరికి ఉప్పుడబ్బా మీద కూడా ఆయన వేళ్ళ గుర్తులుంటాయి. అందుకే బాబు కాళ్ళు నీలంగా కనబడితే అందరూ నవ్వి ఊరుకున్నారు.

"ఎంతసేపు రుద్దుతావమ్మాయ్, తోలు ఊడొస్తుంది," అంది అక్క అత్తగారు. "రంగులోళ్ళింట్లో పుట్టినవాడు నీలంగా కాక ఎలా ఉంటాడు?"

నేనూ నవ్వాను. కానీ గుడ్డకు రంగు అంటలేదు.

అక్క బాబును ఒళ్ళోకి తీసుకుని పాలు పట్టింది. నాలుగు గుక్కలు తాగి వదిలేశాడు. నుదుటి నిండా చెమట. డొక్కలు ఎగరేస్తున్నాడు.

"తాగడానిక్కూడా బద్ధకమే. అచ్చం వాళ్ళ నాన్న పోలిక," అంది అక్క. ఆమె గొంతులో నవ్వు లేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు చెప్పిన మాట గుర్తొచ్చింది. కాళ్ళూ చేతులూ చలికి నీలమైతే వెచ్చగా కప్పితే తగ్గుతుంది. పెదాలూ నాలుకా నీలమైతే గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో లోపం ఉండొచ్చు, వెంటనే తీసుకురండి, పాదానికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూస్తాం అంది.

అంతలో బాబు నోరు తెరిచి ఏడ్చాడు.

"బావా!" అని కేక వేశాను.

బావ రంగుతొట్టి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి మరదలా, మళ్ళీ నా మీదే నేరమా?"

"నాలుక చూడు."

"పొద్దున నా వేలు చప్పరించాడులే. ఆ గుడ్డ ఇటివ్వు."

గుడ్డ కొస తడిపి, నాలుక మీద మెల్లగా అద్ది, కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాడు. తెల్లగా ఉంది.

"సరిగ్గా తుడవరా," అంది అత్తగారు.

మళ్ళీ అద్దాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. బాబు ఏడుపు సన్నబడింది. నాలుక మాత్రం రంగేసి ఆరబెట్టిన నూలులా నీలంగా ఉంది.

"ఏమయిందండీ?" అంది అక్క.

బావ ఆమె ఒళ్ళోంచి బాబును తీసుకుని, దుప్పటి చుట్టి గుండెకు ఆనించుకున్నాడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాటిని దాటి, ఆసుపత్రి వైపు వీధిలోకి వెళ్ళిపోయాడు.