తాడు పట్టే పిడి

నేను ఒక పిడిని. కత్తికో తలుపుకో బిగించిన పిడిని కాదు. మంచుకొండ మీద పరుగెత్తే తాడును కరిచి పట్టుకుని, మనిషిని పైకి తీసుకుపోయే ఇనుప పిడిని.

హిమాచల్‌లో, ఏడాదిలో సగం మంచు కిందే ఉండే ఒక లోయలో పుట్టాను. అక్కడ కాళ్ళకు పొడవాటి చెక్కలు తగిలించుకుని మంచు మీద జారుతారు. స్కీయింగ్ అంటారు. జారాలంటే ముందు కొండెక్కాలి కదా. అందుకని వాలు కింద ఒక చక్రం, పైన ఒక చక్రం, వాటి మధ్య ఆగకుండా తిరిగే లావుపాటి తాడు ఉంటాయి. కింది చక్రాన్ని లారీ ఇంజిన్ తిప్పుతుంది. తాడును రెండు చేతులా పట్టుకుంటే అదే పైకి లాక్కెళుతుంది. మళ్ళీ కిందికి రావడానికే ఇంత తంటా పడి పైకెక్కే ప్రాణి మనిషి తప్ప నాకు మరొకటి కనబడలేదు.

ఆ ఇంజిన్ నడిపేవాడు అసిరినాయుడు. శ్రీకాకుళం వైపు మనిషి. కొండదారులు వేసే పనికి వెల్డరుగా వచ్చి, ఆ లోయ అమ్మాయి యాంగ్‌చెన్‌ను పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడు. యాంగ్‌చెన్ వాలు మీద పిల్లలకు స్కీయింగ్ నేర్పేది. భర్త దగ్గర తెలుగు పట్టుబడింది, అతని యాసతో సహా.

ఒక చలికాలం, మంచుతుపానులో దారి తప్పిన ఇద్దరు యాత్రికులను వెతకడానికి వెళ్ళి, వాళ్ళలో ఒకామెకు తన చేతితొడుగులు ఇచ్చేసింది యాంగ్‌చెన్. ఇద్దరూ బతికారు. ఆమె కుడిచేతి వేళ్ళు చలికి చచ్చుబడి నల్లబడ్డాయి. బొటనవేలు తప్ప మిగిలినవి తీసేయక తప్పలేదు. గాయం మానాక తాడు పట్టుకుంది. ఎడమచెయ్యి ఒక్కటే ఎంతసేపని ఆపుతుంది? సగం దూరంలో పడిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ పడింది. ఆ తర్వాత వాలు వైపు కిటికీ తెరవడం మానేసింది. పిల్లలు వచ్చి పిలిస్తే నిద్ర నటించేది.

అది చూసి అసిరినాయుడు ఊరుకోలేకపోయాడు. గొడ్డలి కర్రను తాడుకు కట్టి చూశాడు, జారిపోయింది. కొక్కెం వంచి చూశాడు, పట్టు కుదరలేదు. చివరికి తల్లి వక్కలు కత్తిరించే అడకత్తెర గుర్తొచ్చి, పాత లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి నన్ను చేశాడు. రెండు రెక్కలు, వాటిని కలిపే ఒక మర. మధ్యలో తాడును ఇరికించి అరచేత్తో నొక్కితే చాలు, వేళ్ళతో పనిలేదు. నాకు కట్టిన చిన్న తాడు నడుము పటకాకు ఉంటుంది. బరువంతా నడుమే మోస్తుంది.

భార్యకు ఇచ్చేముందు తానే చూడాలనుకున్నాడు. ఆమెను బతిమాలి ఇంజిన్ దగ్గర కూర్చోబెట్టాడు. పటకా నడుముకు బిగించి, తన కుడిచేతి వేళ్ళను గుడ్డతో కట్టేసుకుని, జీవితంలో మొదటిసారి కాళ్ళకు చెక్కలు తగిలించుకున్నాడు. కొంతదూరం బాగానే వెళ్ళాం. అంతలో కాళ్ళు మెలిపడి బోర్లా పడ్డాడు. చెయ్యి వదిలేశాడు. నేను వదలలేదు. తాడు పోగులు నా మరలో చిక్కుకున్నాయి. నన్ను చేసిన మనిషినే పైచక్రం వైపు ఈడ్చుకుపోతున్నాను, ఆగడం నా వల్ల కావడం లేదు.

యాంగ్‌చెన్ ఇంజిన్ ఆపేసి మంచులో పడుతూ లేస్తూ వచ్చింది. అతని గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది.

"నువ్వు సచ్చిపోతే నాకీ కొండెందుకు?" అంది.

అతను లేచి కూర్చుని నన్ను తిప్పి చూశాడు. "పట్టుకోడం వచ్చింది దీనికి. ఒగ్గడం రాలేదు," అన్నాడు.

ఆకురాయితో నా అంచులు నున్నగా అరగదీశాడు. మర వదులు చేశాడు. చెయ్యి తీయగానే కింది రెక్క తన బరువుకే తెరుచుకునేలా దాని చివర ఇనుపముక్క అతికించాడు. మళ్ళీ తానే వెళతానన్నాడు. ఆమె పటకా లాక్కుని తన నడుముకు కట్టుకుంది.

"నువ్వు ఇంజిన్ కాడ కూకో. కళ్ళు నా మీదుంచు."

బొటనవేలు ఒక్కటే మిగిలిన ఆ అరచెయ్యి నన్ను అదిమి పట్టింది. పైకి చేరాక చెయ్యి తీసింది, నేను తెరుచుకున్నాను, తాడు తన దారిన పోయింది. ఆమె చాలాసేపు అక్కడే నిలబడి లోయను చూసింది. ఆ తర్వాత వంపులు తిరుగుతూ దిగింది. కింద అసిరినాయుడు మొహాన్ని చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు.

తర్వాత నా వంటివి ఇంకా చేశాడు, అడిగినవాళ్ళకల్లా. నన్ను చూసి వెళ్ళిన ఒక పెద్దమనిషి పక్కలోయలో ఇది తన ఆలోచనేనని చెప్పుకున్నాడట. అసిరినాయుడు విని, అక్కడ బాగా పనిచేస్తోందా అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు ఆ వాలు మీద కుర్చీలు వేలాడే తీగ నడుస్తోంది. నేను యాంగ్‌చెన్ ఇంటి గూట్లో ఉన్నాను. చివరిసారి తాడు పట్టిన రోజు మాత్రం చెప్పాలి.

అసిరినాయుడు నడిచలికాలంలో పోయాడు. దహనం చేసే చోటు వాలుకు పైన ఉంది. నడుములోతు మంచులో పాడె మోయడం ఎవరివల్లా కాలేదు. మంచు మీద జారే చెక్కబండిపై పడుకోబెట్టారు. యాంగ్‌చెన్ నా చిన్న తాడును బండికి కట్టి, తాను పక్కనే నిలబడి నన్ను తాడు మీద నొక్కింది. ఇంజిన్ దగ్గర పొరుగింటి రిగ్జిన్ కూర్చున్నాడు. ఆమె వెనక్కి తిరిగి అతనికి వాళ్ళ భాషలో చెప్పింది.

"నెమ్మదిగా నడుపు. ఆయనకు మంచంటే భయం."

రిగ్జిన్ వేగం తగ్గించాడు. తాడు మెల్లగా కదిలింది, మేం ముగ్గురం పైకి వెళ్ళాం.