బడి కబుర్లు చెప్పిన చేతిమైకు

నేను ఒక చేతిమైకుని. ఒళ్లు తెలుపు, మూతి ఎరుపు. పక్కన మూడు మీటలు. ఒకటి మాట్లాడటానికి, ఒకటి సైరన్‌కి, ఒకటి రికార్డు చేసిన మాటను మళ్లీ మళ్లీ వినిపించడానికి. ఎక్కడో ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా లోపల తీగలు అతికించిన అమ్మాయి పనిచేస్తున్నంతసేపూ పక్కమ్మాయితో గుసగుసలాడుతూనే ఉంది. గొంతు చించుకునే యంత్రాన్ని గుసగుసల మధ్య తయారుచేయడం మనుషులకే చెల్లింది.

విజయనగరం బజారులో నన్ను కొన్నవాడు ఉల్లిపాయలమ్మే సన్యాసిరావు. మహా బిడియస్తుడు. ఇంట్లో రెండోసారి కూర కావాలన్నా అడగలేక గిన్నె వైపు చూస్తూ కూర్చునే రకం. అలాంటివాడు ఒకరోజు తలుపులు మూసుకుని, నాలుగుసార్లు గొంతు సవరించుకుని, "ఉల్లిపాయలోయ్, ఎర్ర ఉల్లిపాయలోయ్" అని నాలో ఒక్కసారి అరిచాడు. ఆ తరవాత ఏడాదిన్నర పాటు అతను నోరు మెదపకుండా మోపెడ్ నడిపాడు, నేను అరిచాను.

అంతలో కరోనా వచ్చింది. మోపెడ్ మూలపడింది. సన్యాసిరావుది తిప్పలపాలెం, సముద్రం ఒడ్డున మూడు వీధుల మత్స్యకారుల ఊరు. పంచాయతీవాళ్లు మైకు అడిగితే కాదనలేక నన్ను ఇచ్చేశాడు.

మొదటిరోజు పంచాయతీ కార్యదర్శి నన్ను పట్టుకున్నాడు. "హెచ్చరిక! గడప దాటితే కేసు పెడతాం. బయట ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను దాచితే ఇంటిల్లిపాదినీ తీసుకుపోతాం!" ఆ ఊపులో ఆయన వేలు మూడో మీట మీద పడింది. "ఉల్లిపాయలోయ్..." ఇద్దరు ఆడవాళ్లు సంచులు పట్టుకుని అప్పుడే గడప దాటేశారు. ఊరు నవ్వింది. ఆ తరవాత చాలా రోజులు మళ్లీ నవ్వలేదు.

ఎందుకంటే ఆ వారంలోనే గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిన ఊరివాళ్లు బస్సులో తిరిగొచ్చారు. వాళ్లను పద్నాలుగు రోజులు హైస్కూల్లో ఉంచాలన్నారు. బస్సెక్కింది ఇరవై ముగ్గురు, బడి దగ్గర దిగింది ఇరవై ఇద్దరు. కారి గురువులు అనే అతను దారిలో ఎక్కడో బస్సు దిగి మాయమయ్యాడు.

రోడ్డు పక్కనున్న బడి నుంచి ఊళ్లోకి వచ్చే దారికి జనం అడ్డంగా ముళ్లకంప వేశారు. బడిలో ఉన్నవాళ్ల భార్యలు నీళ్లకొస్తే అసిరమ్మ అనే ముసలామె వీధి కుళాయికి బిందె అడ్డం పెట్టి, "మీరు ముట్టుకుంటే మేం సచ్చిపోతాం, పోండి!" అనేది. నిన్నటిదాకా వీళ్లంతా ఒకళ్ల కూర ఒకళ్లు తిన్నవాళ్లే.

ఆ ఊరి ఆశా వర్కర్ బంగారమ్మ. పొట్టి మనిషి, నడిచినా పరిగెత్తినట్టే ఉంటుంది. ఇంటింటికీ తిరిగి జ్వరాలు వాకబు చేసేది. మూడోరోజు గురువులు భార్య ఎర్రమ్మ పెద్ద కేరేజీ పట్టుకుని ఒడ్డున ఉన్న వలల పాక వైపు పోతూ ఆమె కంటబడింది.

"ఎక్కడికే?"

"వల బాగుసేస్తన్నానొదినా."

"ఒక్కదానికే ఇంతన్నమా?"

"ఆకలెక్కువైపోనాది," అంది ఎర్రమ్మ, నేల చూస్తూ.

బంగారమ్మకి అర్థమైపోయింది. పోలీసులకు ఒక్క ఫోను చేస్తే గురువుల్ని పట్టుకుపోతారు. కానీ ఆ మర్నాటి నుంచి ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా బయటికి చెప్పరు. చేయకపోతే అతని ప్రాణానికీ, ఎర్రమ్మ ప్రాణానికీ పూచీ ఎవరు? చివరికి సంచిలోంచి మాత్రలూ మాస్కులూ తీసి ఒక రాయి మీద పెట్టింది.

"వల బాగుసేసేవోళ్లకి ఒళ్లునొప్పులొస్తాయి, ఉంచు. అన్నం దూరంగా ఎట్టి వొచ్చీ. ఊపిరాడనట్టుంటే మాత్రం నాకాడికి పరిగెత్తుకు రా. నానేటీ అనను."

"అందర్నీ తీసుకుపోతామని మైకులో సెప్పారు కదొదినా!" ఎర్రమ్మ ఏడ్చేసింది.

బంగారమ్మ నేరుగా పంచాయతీ ఆఫీసుకి వచ్చి బల్ల మీదున్న నన్ను అందుకుంది. "ఈ మైకు నాకిచ్చీండి బాబూ. మీరు అరిసినకొద్దీ జొరాలు దాక్కుంటన్నాయి."

ఆ సాయంత్రం బడి గేటు బయట నిలబడి లోపలివాళ్లను పేరుపేరునా పలకరించింది. తరవాత మూడు వీధులూ తిరిగింది.

"బడి కబుర్లు వినండమ్మా! ఇయాల ఎవులికీ జొరం నేదు. మైలపల్లి పోలయ్య మజ్జాన్నం మూడుసార్లు అన్నం ఏయించుకున్నాడు. జొరమూ నేదు, సిగ్గూ నేదు! దానయ్య ఆరో తరగతి బెంచీలో కూకుని ఇరుక్కుపోనాడు. మేకులు ఊడదీస్తేగాని బయటికి రానేదు!"

ఒక కిటికీ తెరుచుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. దానయ్య భార్య గుమ్మంలోకి వచ్చి, "కోడి పదకొండు పిల్లల్ని సేసిందని మా ఆయనకి సెప్పు బంగారమ్మా!" అని కేకేసింది. మర్నాడు బడి గేటు దగ్గర నేనే ఆ సంగతి వినిపించాను. బడిలో ఈలలు మోగాయి.

అలా రెండువైపులా కబుర్లు మోశాను. సాయంత్రం ఐదయ్యేసరికి జనం అరుగుల మీద దూరదూరంగా కూర్చుని ఎదురుచూసేవాళ్లు. కుళాయి దగ్గర గొడవ తీరలేదుగానీ, అసిరమ్మ బిందె కొంచెం పక్కకి జరిగింది.

ఐదోరోజున పోలయ్యకి పరీక్షలో జబ్బున్నట్టు తేలింది. "ఇది మాత్రం మైకులో చెప్పొద్దమ్మా, ఊరు అల్లకల్లోలమైపోతుంది," అన్నాడు కార్యదర్శి. అయినా బంగారమ్మ మీట నొక్కింది.

"పోలయ్యకి జబ్బు అంటుకున్నాది. దాయటానికేటీ నేదు. ఇప్పుడే అంబులెన్సు ఎక్కాడు. ఎక్కతా ఎక్కతా నెత్తళ్ల సేపల పులుసు అడిగాడు."

ఎవరూ నవ్వలేదు. బంగారమ్మ గుటక మింగడం నాలోంచి వీధంతా వినిపించింది. అప్పుడు అసిరమ్మ ఇంటి తలుపు తెరుచుకుంది.

"నెత్తళ్లు నా ఇంట్లో ఉన్నాయి. పులుసెట్టిస్తాను. ఆసుపత్రికి ఎవులు అట్టుకెళ్తారు?" అంది. తరవాత పోలయ్య భార్య వైపు తిరిగి, "అలా సూస్తావేటే? బిందె తెచ్చి నీళ్లట్టుకో ముందు!" అని కసిరింది.

మర్నాడు పొద్దున్నే బంగారమ్మ వాకిలికి ఇరవై బారల దూరంలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మాసిన లుంగీ, పెరిగిన గడ్డం, మాటకో దగ్గు. గురువులు. గాలి వాలున నా గొంతు రోజూ పాకదాకా వెళ్లేదట.

"అంతా విన్నానొదినా. ఊపిరి సరిగ్గా ఆడ్డం నేదు. నన్నూ ఆసుపత్రికి పంపించీ. ఊరికి నువ్వే సెప్పు. తిట్టేవోళ్లని తిట్టనీ."

ఆమె ఫోను చేసింది. తరవాత నన్ను తీసింది. "గురువులు వొచ్చీసినాడు. ఇప్పటికి ఇరవై ముగ్గురూ మన లెక్కలోకొచ్చారు. బయపడి దాక్కున్నాడు. బయపెట్టింది మనమే!"

ఎవరూ తిట్టలేదు. కుర్రకారు పోయి దారికి అడ్డున్న కంప లాగేశారు. అంబులెన్సు ఆ దారినే ఊళ్లోకి వచ్చి గురువుల్ని ఎక్కించుకుని వెళ్లింది.

తొమ్మిది రోజులు అతనికి ఆక్సిజన్ పెట్టారు. బడిలో మిగిలినవాళ్లు గడువు తీరి ఇళ్లకు వచ్చేశారు. పోలయ్య వెళ్లినప్పటికంటే లావై వచ్చాడు. అయినా సాయంత్రం కబుర్లు ఆగలేదు. ఎర్రమ్మకి పరీక్షలో ఏమీ లేదని తేలినా, పద్నాలుగు రోజులు ఇల్లు కదలకుండా గుమ్మంలోంచే వినేది. "గురువులు ఇయాల రెండిడ్లీలు తిన్నాడు," అంటే వీధంతా పరవాలేదు అనుకునేది.

ఆసుపత్రికి వెళ్లిన పదహారో రోజున గురువులు ఊరి మొదట్లో బండి దిగాడు. బంగారమ్మ ఉత్సాహంగా నన్ను నోటి దగ్గర పెట్టుకుని మీట నొక్కింది. సముద్రపుగాలికి అప్పటికే నా లోపలంతా తుప్పు. ఒక్కసారి గరగరమని గొంతు పోయింది. ఆమె నన్ను రెండు దెబ్బలు కొట్టింది, మూతిలోకి ఊదింది. నాలో ఉలుకూ పలుకూ లేదు. ఎవరు పట్టించుకున్నారు గనక? ఎర్రమ్మ అప్పటికే పరిగెడుతోంది. దగ్గరికి వెళ్లి మొగుణ్ని ఎగాదిగా చూసి, "ఆ గెడ్డమేటి, బూచోడినాగ! ఇంట్లోకొచ్చే ముందు గీయించీ!" అంది. అని అక్కడే కూలబడి ఏడ్చింది. అసిరమ్మా ఏడ్చింది. బంగారమ్మ నన్ను చంకలో ఇరికించుకుని ముక్కు తుడుచుకుంది.

ఇప్పుడు నేను ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్ బీరువాలో దూది చుట్టల పక్కన ఉంటున్నాను. పోలియో చుక్కల ఆదివారం బంగారమ్మ బీరువా తెరిచి, నన్ను పక్కకి జరిపి, కాగితాలు తీసుకుని పోతుంది. ఆమె ఏ వీధిలో ఉందో తల్లులే ఒకళ్లకొకళ్లు కేకేసి చెప్పుకుంటారు. తలుపు సందులోంచి అవన్నీ వింటూ ఉంటాను. ఇన్నాళ్లూ తెలియలేదుగానీ, వినడం కూడా హాయిగానే ఉంది.