పాత కోర్టులో వాయిదా

నూజివీడులో పాత కోర్టును బాగుచేసి మ్యూజియం చేశారని యలమందకు తెలుసు. కానీ ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగిన కాళ్లు ఆ రోజు కూడా ఆయన్ను అక్కడికే తీసుకొచ్చాయి. జడ్జి కుర్చీ చుట్టూ కట్టిన తాడు, తలుపు దగ్గర టికెట్ బల్ల చూశాక గానీ పొరపాటు తెలియలేదు. వెంటనే లాయరుకు ఫోన్ చేశాడు. కొత్త కోర్టులో పేర్లు పిలిచేశారట. రెండు పక్షాల్లో ఎవరూ పలకలేదని కేసు కొట్టేశారట.

మామిడితోటకు వెళ్లే దారి కోసం వేసిన కేసు అది. కాయ కోతకొచ్చింది. ట్రాక్టరు లోపలికి వెళ్లకపోతే కాయంతా చెట్లమీదే పండి రాలిపోతుంది. మళ్లీ పిటిషన్ వేద్దామని లాయరు అనగానే యలమంద నీరసంగా వరండాలో కూలబడ్డాడు.

అవతల స్తంభానికి ఆనుకుని బావమరిది బుచ్చయ్య కూర్చుని ఉన్నాడు. దారికి అడ్డంగా కంచె వేసింది అతనే.

"నువ్వూ ఇక్కడికే తగలబడ్డావేంట్రా?"

"అలవాటు, బావా. ఆ బల్ల దగ్గరి పిల్ల టికెట్ కొనమంటే, వాయిదాకి టికెట్టేంటమ్మా అని దెబ్బలాడాను కూడా."

యలమందకు నవ్వే ఓపిక కూడా లేదు. "కేసు కొట్టేశారట. లాయరు మళ్లీ వేద్దామంటున్నాడు" అన్నాడు.

"వేస్తే నేనూ తిరగాలిగా. మోకాళ్లు నా మాట వినట్లేదు." బుచ్చయ్య మోకాలు రుద్దుకున్నాడు. "కంచె తీయిస్తాలే. ఈ ఏడు కాయ తోలుకో."

"మరి వచ్చే ఏడు?"

"అప్పటికి ఓపికుంటే కొట్టుకుందాం."

యలమంద తలూపి, ట్రాక్టరు అతనికి ఫోన్ కలిపాడు.