ఫెస్‌లో వేసిన ముడి

పూనం మొరాకో నుంచి తిరిగొచ్చేలోగానే ఆ వీడియో భివండిలోని ఇంటికి చేరిపోయింది.

ఠాణేలోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఆమె మూడేళ్లుగా పనిచేస్తోంది. ఫెస్ అనే పాత నగరానికి కొత్తగా యాత్రలు మొదలుపెట్టాలనుకున్న యజమాని, ముందు చూసి రండని నలుగురిని మూడు రోజులకు పంపించాడు. పూనం విమానం ఎక్కడం అదే మొదలు.

మొదటి రోజంతా సందులే. ఇద్దరు పక్కపక్కన నడిస్తే గోడలు తగిలే సందులు, వాటిలోనే బరువులు మోసే గాడిదలు. తోళ్లు నానబెట్టే గుంతల దగ్గర వాసన తట్టుకోవడానికి చేతికి పుదీనా రెమ్మ ఇచ్చారు. తోటి ఉద్యోగి శుభమ్ ఆఫీసు పేజీలో పెట్టడానికి అన్నిటినీ ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నాడు.

రెండో రోజు గైడు వాళ్లనొక నేతగాడి కొట్టుకు తీసుకెళ్లాడు. ఒక ముసలాయన చేతిమగ్గం మీద నేస్తున్నాడు. చూస్తుండగానే పోగు తెగింది. ఆయన కళ్లద్దాల కోసం తడుముకుంటుంటే పూనం ముందుకు వంగి, రెండు కొసలు పట్టి, మెలివేసి లాగింది. ముడి పడింది. ఆమె ఆలోచించే లోపే వేళ్లు ఆ పని చేసేశాయి.

ముసలాయన ముడి మీద గోరు ఆనించి చూశాడు. ఏదో అడిగాడు.

"మీకెవరు నేర్పారంటున్నారు," అన్నాడు గైడు.

నేర్పింది ఆమె తండ్రి బుచ్చిరాములు. భివండి శాంతి నగర్‌లో కూలికి సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. చిన్నప్పుడు కార్ఖానాకు అన్నం తీసుకెళ్తే, సాంచ పక్కన నిలబెట్టి, ఆమె చిన్నవేళ్లు తన వేళ్లలో పట్టుకుని నేర్పాడు. ఆఫీసులో మాత్రం పూనం, చేరిన రోజే, మా నాన్నది బట్టల వ్యాపారమని చెప్పింది.

శుభమ్ ఫోను ఆమె మొహానికి ఎదురుగా ఉంది.

"కాలేజీలో హాబీ క్లాసుండేది," అని నవ్వుతూ హిందీలో చెప్పింది.

గైడు ఆ మాట ఆయనకు చెప్పాడు. ముసలాయన తల ఊపి, తనకు తండ్రి నేర్పాడన్నాడు. పూనం అక్కడున్న శాలువాల వైపు తిరిగింది. ఆ తర్వాత చూసిన కోటలూ గుమ్మాలూ ఆమెకు సరిగా గుర్తులేవు.

ఇంటికి చేరిన రోజు రామవ్వ కూతురికి మంచినీళ్లిచ్చింది. ప్రయాణం ఎట్లా జరిగిందని అడగలేదు.

"పక్కింటి మాలతి నా ఫోన్ల వీడియో పెట్టిచ్చింది," అంది కాసేపటికి. "మీ బాపు నా ఫోను పట్కపోయి కార్ఖానల అందరికి సూపిచ్చిండు. సాంచల సప్పుడుల మాట ఏడ ఇనపడ్తది? చెయ్యి ఒక్కటే కనపడ్తది."

పొయ్యి మీది కూర కలిపింది. "నేనైతే ఇన్న."

తల్లి తిడితే బాగుండుననిపించింది పూనంకు.

మధ్యాహ్నం బుచ్చిరాములు తిండికి వచ్చాడు, వెంట తోటి పనివాడు నాగయ్య. ముప్పై ఏళ్ల సాంచల మోతకు బుచ్చిరాములు చెవులు రెండూ మందగించాయి. ఇంట్లో చూసినా ఆ వీడియో ఆయనకు మాటల్లేని బొమ్మే.

"సూస్తిమి బిడ్డా," అన్నాడు నాగయ్య గడపలోంచే. "అచ్చం మీ బాపు ముడే. సేటు గూడ సూసిండు."

బుచ్చిరాములు సిగ్గుపడుతూ నవ్వాడు. "ఆ ముసలాయన ఏమో అడిగినట్టుంది. ఎవలు నేర్పిన్రనేనా?"

"అవును బాపు."

"నా పేరు చెప్పినవా?"

తల ఊపితే సరిపోయేది. రామవ్వ గరిటె చేతిలో పట్టుకుని పొయ్యి వైపే తిరిగి నిలబడింది.

"లేదు బాపు."

"ఆఁ?" చెవి దగ్గరికి తెచ్చాడు.

"చెప్పలే."

"ఇనపడ్తలేదు బిడ్డా, గట్టిగ చెప్పు."

పూనం గట్టిగానే చెప్పింది. "నువ్వు నేర్పినవని చెప్పలే బాపు. కాలేజీల నేర్చుకున్న అన్న. నువ్వు సాంచ నడుపుతవని ఆఫీసుల ఎవ్వలకు తెల్వది. బట్టల వ్యాపారమని చెప్పిన. నాకు సిగ్గయింది."

ఎదురింటివాళ్ల గదిలో మాటలు ఆగిపోయాయి. నాగయ్య తల వంచుకుని చెప్పులు వేసుకున్నాడు. "నాకు జర కామ్ ఉంది," అని వెళ్లిపోయాడు.

బుచ్చిరాములు మొహం మీద నవ్వు ఇంకా అట్లాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్టు. వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"మూడేండ్ల సంది గట్లనే చెప్తున్నవా?"

"అవును."

ఆయన అన్నం కలిపాడు. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి కడుక్కుని, జేబులోంచి రామవ్వ ఫోను తీసి కూతురికిచ్చాడు.

"గది తీసెయ్ బిడ్డా. నాకు తీయరాదు. మల్ల ఎవలన్న సూపియ్యమంటరు."

ఆయన చూస్తుండగానే పూనం వీడియో తుడిచేసింది. ఫోను రామవ్వకిచ్చి బుచ్చిరాములు పనికి వెళ్లిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు.

పూనం తన ఫోను తీసి శుభమ్‌కు రాసింది. ఆ ముడి మా నాన్న నేర్పింది, ఆయన భివండిలో కూలికి సాంచలు నడుపుతాడు, మీ అందరికీ అబద్ధం చెప్పాను అని.

నిమిషంలో జవాబొచ్చింది. "అచ్ఛా. ముందే చెప్పొచ్చుగా." దాని కిందే ఇంకొకటి. "నా ఛార్జర్ నీ బ్యాగులో వచ్చిందేమో చూడు."

అంతే. మూడేళ్లు ఆమె దాచింది ఈ రెండు ముక్కలకు భయపడి. అది తెలిశాక మనసు తేలిక కాలేదు, మొహం ఇంకా మండింది.

రామవ్వ కంచంలో అన్నం పెట్టి ముందుకు జరిపింది.

"బాపు పొద్దుమూకినంక వస్తడు," అంది. "నేను నడుమ మాట్లాడ. నువ్వే మాట్లాడుకో. ముందుగాల తిను."